అలసిన బీడు

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, అశోకనగరు, నారాయణగూడ అను పేటలు ఒకదానినొకటి ఆనుకొని యున్నవి. నేడు అచ్చట మేడలు, అంగళ్ళు, సినిమాశాలలు కనబడును. పుస్తకములు చేతబట్టుకొని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోవు యువకులు కనబడుదురు. సాయంకాలమున త్యాగరాయ గానసభకు పోవు సంగీతప్రియులు కనబడుదురు. నేల మాత్రము కనబడదు; అది తారు క్రిందను, సిమెంటు క్రిందను దాగియున్నది. అయినను ఈ పేటలకు నేల జ్ఞాపకము పూర్తిగ పోలేదు. చిక్కడపల్లి పేరులోని 'చిక్కడ్' అను మాటకు బురద యని అర్థము చెప్పు పెద్దలు కలరు. ఇది హుస్సేనుసాగరు కట్టకు దిగువనున్న పల్లపు ప్రదేశము. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 16వ శతాబ్దమున, కట్టబడిన ఆ చెరువు నిండి పొరలిన నీరు దోమలగూడ, అశోకనగరు, హిమాయతునగరు, నారాయణగూడ, నల్లకుంటల మీదుగ నాలాయై పారి, అంబరుపేట దాపున మూసీనదిలో కలియును. నీరు నడచు దారిలో బురద యుండుట వింత కాదు.

బురదను మనము ఏవగించుకొందుము. పంచె యెత్తి పట్టుకొని, ముక్కు మూసికొని దాటిపోవుదుము. అది యెందుకు వచ్చినదని అడుగువారు తక్కువ. జ్వరము దేహములోని రోగమునకు గుర్తయినట్లే, మేతబీటిలోని బురద నేలలోని రోగమునకు గుర్తు. ఈ సంగతిని నేను మా పేటలో గుఱ్ఱములను పెంచు ఒక వృద్ధుని వలన తెలిసికొంటిని. ఆయనను అందఱును 'చాచా' అని పిలుతురు. నేనును అట్లే పిలిచెదను.

చాచా తాతయు తండ్రియు టాంగా తోలినవారు. ఒకప్పుడు హైదరాబాదు వీథులలో టాంగాలే సామాన్యులకు వాహనములు. రైలు దిగినవారిని ఇల్లు చేర్చినవి అవియే. బడిపిల్లలను దింపినవి అవియే. తరువాత ఆటోలును బస్సులును పెరిగినవి, టాంగాలు తగ్గినవి. చాచా కాలమునకు ఆ వృత్తి అంతరించినది. అయినను గుఱ్ఱములను విడుచుటకు ఆయన మనసొప్పలేదు. నాలుగు తెల్లని ఆడుగుఱ్ఱములను పెంచుచు, పెండ్లి ఊరేగింపులకు బాడుగకిచ్చి సంసారము గడుపుకొనుచుండెను. పెండ్లికుమారుడు ఎక్కి కూర్చుండునట్టి ఒక బగ్గీయు ఆయనకు కలదు. నారాయణగూడలోని పెండ్లి మంటపముల ముంగిట బాజాల మ్రోతకు బెదరక, దీపముల నడుమ తలయెత్తి నిలిచిన ఆ గుఱ్ఱములను చూచి ముచ్చటపడని బాలుడు లేడు.

గుఱ్ఱములను నగరములో ఉంచుట కష్టము. అందుచేత ఆయన ఘటకేసరు దారిలో రెండెకరముల నేలను కౌలుకు తీసికొని, అచ్చట రేకుల తబేలా యొకటి వేసికొనెను. ముహూర్తములున్న దినములలో గుఱ్ఱములు నగరమునకు వచ్చును; తక్కిన దినములలో ఆ బీటిలో మేయును. ఇట్లు చాల యేండ్లు జరిగెను. గుఱ్ఱములు వచ్చుచు పోవుచు నుండుటచే నేలకు నడుమ నడుమ తీరిక దొరకుచుండెను. ఆ తీరికయే బీటిని కాపాడుచున్నదని అప్పుడెవ్వరికిని తోచలేదు.

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగ దేశమంతట రాకపోకలు నిలిచిపోయెను. పెండ్లిండ్లు ఆగినవి, జరిగినవియు ఊరేగింపులు లేకయే జరిగినవి. నాలుగు గుఱ్ఱములును రేయింబవళ్ళు ఆ రెండెకరములలోనే నిలిచియుండెను. పిమ్మట ఆ యేడు అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదున కుండపోతగ వాన కురిసెను. వాన వెలిసినది గాని బీడు కోలుకొనలేదు. మఱుసటి యేడు తొలకరికి అది బీడుగ లేదు. కల్లాపి చల్లి త్రొక్కిన కళ్ళము వలె నుండెను.

ఆషాఢమాసమున ఒక ఉదయము నేను చాచాతో గూడ అచ్చటికి పోయితిని. ద్వారము దగ్గఱ మోకాలిలోతు బురద. తబేలా చుట్టును బురద. నీళ్ళతొట్టి చుట్టును బురద. నడుమ నక్కడక్కడ వయ్యారిభామ మొక్కలు తప్ప పచ్చనిది కానరాదు. గుఱ్ఱము అడుగు తీసినప్పుడెల్ల 'చపుక్కు' మని శబ్దమగుచుండెను. నాలుగింటిలో పెద్దది ముందుకాలి లాడమును బురదలో పోగొట్టుకొని కుంటుచుండెను. దాని మడమల వెనుక చర్మము పగిలి, నెత్తురు గడ్డకట్టి యుండెను. డెక్క యెత్తి చూడగా అడుగున మెత్తని భాగము కుళ్ళి దుర్గంధము వచ్చెను. చాచా ఏమియు మాటాడలేదు. తన తలగుడ్డను విప్పి ఆ కాలిని తుడిచెను.

ఆ గుఱ్ఱమును వాహనముపై నెక్కించి నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసికొనిపోయితిమి. వైద్యుడు పుండ్లను కడిగి, ఎండునట్లు తుడిచి, మందు పూసెను. కుళ్ళిన డెక్కను చెక్కి శుభ్రపఱచెను. చివరకు చేతులు కడుగుకొనుచు, "ఈ కాలికి నేను మందిచ్చితిని. దీనిని మరల ఆ బురదలోనే నిలిపినచో నెల తిరుగకముందే ఇచ్చటికి వత్తురు. మందు వేయవలసినది నేలకు" అనెను.

నేలకు మందేమి? ఆ ప్రశ్న నన్ను విడువలేదు. అశోకనగరు గ్రంథాలయమున నేలను గూర్చియు, పచ్చికను గూర్చియు దొరకిన పుస్తకములను చదివితిని. చదివినదానిని చాచా తన బీటిలో కన్నదానితో సరిపోల్చి చెప్పుచుండెను. ఇరువురము కలిసి తెలిసికొన్న సంగతులు ఇవి.

మంచి నేల గట్టి ముద్ద కాదు. దాని పరిమాణములో ఇంచుమించు సగము సన్నని రంధ్రములే. కొన్నింటిలో గాలియు, కొన్నింటిలో నీరును ఉండును. వేళ్ళు ఆ దారులలో సాగును. వానపాములు ఆ దారులను పెంచును. వాననీరు ఆ దారులలో దిగును. గుఱ్ఱము బరువు సుమారు 400 కిలోలు. అంత బరువును మోయు డెక్కలు నాలుగే. ఒక్కొక్క డెక్క చాచిన అరచేతికన్న పెద్దది కాదు. ఆ బరువులో సగమునకు మించి ముందుకాళ్ళ మీదనే పడును. నేల ఆరియున్నప్పుడు ఆ బరువును ఓర్చుకొనును. తడిసియున్నప్పుడు రంధ్రములు మూతపడును. నీటికి దిగు దారి లేదు. అది పైననే నిలుచును. నిలిచిన నీటిని గుఱ్ఱము మరల త్రొక్కును. వేళ్ళకు గాలి యందక గడ్డి చచ్చును. గడ్డి చచ్చినచోట నేలను పట్టియుంచునదేదియు లేదు. బురద బురదనే కనును.

డెక్కలతో బాటు నోరును కారణమే. ఆవునకు పైదవడ ముందు పండ్లు లేవు. అది గడ్డిని నాలుకతో చుట్టి త్రెంచును. అందుచే మోడు కొంత మిగులును. గుఱ్ఱమునకు పైనను క్రిందను పండ్లు కలవు. అది నేలను గొఱిగినట్లు కొఱుకును. స్వేచ్ఛగ విడిచినచో దినమునకు పదునాలుగు, పదునైదు గంటలు మేయుచునే యుండును. పైగా తాను లద్దె వేసినచోట మేయదు. లేతగడ్డి యున్నచోటికే మాటిమాటికి పోవును. కావున ఒకవైపు గడ్డి ముదిరి పాడగును. మఱియొకవైపు వేరుమట్టము వఱకు అరిగిపోవును. ఆకు మొక్కకు వంటయిల్లు. వంటయింటిని పడగొట్టి, ఇంటివారు బలముగ నుండవలెననుట న్యాయమా?

ఇక నీటి లెక్క. హైదరాబాదున ఏటికి సగటున సుమారు 80 సెంటీమీటర్ల వాన కురియును. అందులో ఇంచుమించు మూడుపాళ్ళు జూను మొదలు సెప్టెంబరు లోపలనే. చాచా తబేలా కప్పు పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. అనగా నూఱు చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు వాన పడినచో వేయి లీటర్ల నీరగును. ఏడాది వానకు 80,000 లీటర్లు! ఆ నీరంతయు రేకుల చూరు నుండి ద్వారము దగ్గఱనే పడుచుండెను. గుఱ్ఱములు ఎక్కువగ నిలుచునది అచ్చటనే. బురదకు ఇంతకన్న వేఱు ఆహ్వానము కావలయునా?

ఇట్లు కారణములు తెలిసినవి. నివారణయు తెలిసినదే: నేలపైనుండి బరువును తీసివేయవలెను, నీటికి దారి చూపవలెను, గడ్డికి కాలమీయవలెను. కాని నోటితో చెప్పుట సులభము. నేనీ మాట చెప్పినపుడు చాచా చాలసేపు ఊరకుండి ఇట్లనెను:

"నేల అలిసిపోయింది సారూ. అది నాకూ ఎరుకే. గుర్రం అలిసిపోతే జీను దించుతం. నేల మీది బరువు ఎట్ల దించాలె? ఈ నాలుగింటిని నేను నెత్తిన పెట్టుకోవాల్నా?"

ఆ ప్రశ్నలో హాస్యము లేదు. పెద్ద భూస్వామికైనచో పది బీళ్ళుండును. ఒకదానిని మూసి మఱియొకదానిలో మేపుకొనును. రెండెకరముల కౌలుదారునకు ఆ వీలు ఎక్కడిది? నాలుగు నెలలు బీటిని మూసినచో ఎండుగడ్డి కొనవలెను, ఉలవలు కొనవలెను, కౌలును కట్టవలెను. పెండ్లిండ్లు అప్పుడప్పుడే మరల మొదలగుచుండెను. కుంటు గుఱ్ఱము ఊరేగింపునకు పనికిరాదు. ఒకదానిని అమ్మివేయుదునా యని ఆయన రెండుమూడు మారులు అనెను; కాని యేది అమ్మవలెనో చెప్పలేకపోయెను.

దారి చూపినది మరల ఆ పశువైద్యుడే. "బీటినంతటిని కాపాడలేమని దానినంతటిని పోగొట్టుకొనవలదు. ఒక మూలను గుఱ్ఱములకు వదలివేయుడు. అచ్చట గడ్డి మీద ఆశ విడువుడు. రాళ్ళు పఱచి గట్టిచేయుడు. నేల తడిసియున్నన్నాళ్ళు గుఱ్ఱములు అందులోనే యుండవలెను. ఆ ఒక్క మూల పోయినచో తక్కినది బ్రదుకును" అని ఆయన సలహా యిచ్చెను. ఇంగ్లండు మొదలగు దేశములలో గుఱ్ఱములను పెంచువారు ఇట్టి చోటును త్యాగము చేసిన చోటు అను అర్థము వచ్చు పేరుతో పిలుతురట. మేమును దానిని 'త్యాగస్థలము' అంటిమి. చాచా మనుమడు ఆ మాటను పలుకుట నేర్చుకొని, వచ్చినవారికెల్ల చూపి చెప్పుచుండెను.

త్యాగము నేలతో ఆగలేదు. రాళ్ళకు, కంకరకు, కంచె గుంజలకు, గడ్డికి డబ్బు కావలెను. 2022వ సంవత్సరము ఆరంభమున చాచా తన బగ్గీని అమ్మివేసెను. దాని యిత్తడి దీపములను ఆయన తండ్రి కాలమునాటి టాంగా నుండి తీసి అమర్చియుండిరి. దీపములను ఉంచుకొని బండిని మాత్రమే యిచ్చెను. బగ్గీ లేనిదే పెద్ద ఊరేగింపులు పిలువవు. ఆ యేడు ఆయన రాబడి బాగుగ తగ్గినది. ఇంటిలో కొడుకునకు ఇది ఇష్టము లేదు. "గడ్డి కోసం బండిని అమ్ముకున్నోడు ఎక్కడన్న ఉన్నడా?" అని అతడు నా యెదుటనే అడిగెను. చాచా బదులు పలుకలేదు. నాకును బదులు తోచలేదు. గడ్డి మొలచునని మాట యిచ్చుటకు మేమెవరము?

వేసవిలో నేల యెండిన పిమ్మట పని మొదలు పెట్టితిమి. బీటిలో మెట్టగ నున్న మూలను ఏఱుకొంటిమి. పల్లమున రాళ్ళు వేసినచో అవి బురదలో దిగిపోవును గదా. పైనున్న మెత్తని మట్టిని, లద్దెను చెక్కి తీసివేసితిమి. నీరు ఒకవైపునకు జాఱునట్లు కొంచెము వాలు పెట్టితిమి. అడుగున పెద్దరాళ్ళు, వానిపై కంకర, ఆ పైన మొరము వేసి దిమ్మిస చేయించితిమి. డెక్కలకు గ్రుచ్చుకొనకుండ మీద ముతకయిసుక పఱచితిమి. నీళ్ళతొట్టిని అచ్చటికే మార్చితిమి. మేతను నేలపై వేయక తొట్లలో వేయించితిమి. ఏలయనగా మేతతో బాటు ఇసుకను మ్రింగిన గుఱ్ఱమునకు కడుపునొప్పి వచ్చును, అది ప్రాణము మీదికి తెచ్చును.

తబేలా చూరునకు రేకు దోనె కట్టి, కప్పునీటిని గొట్టము ద్వారా బీటి వెలుపల త్రవ్విన గుంటలోనికి మళ్ళించితిమి. పైచేల నుండి వచ్చు నీటిని అడ్డగించుటకు ఎగువ గట్టు వెంబడి కాలువ తీసితిమి. ఈ రెండు పనులకును అయిన వ్యయము స్వల్పము. ఫలితము మాత్రము పెద్దది. తొలివాన పడిన దినమున ద్వారము దగ్గఱ నేల తడిసినది గాని నీరు నిలువలేదు. చాచా గొడుగు పట్టుకొని అరగంట సేపు అచ్చటనే నిలిచి చూచుచుండెను.

తరువాత బీటిని నాలుగు మడులుగ విభజించి కంచె వేసితిమి. అణగిపోయిన నేలను గుల్లచేయుటకును సమయము కలదు. పిడికెడు మట్టిని తీసి అరచేతుల నడుమ నులుమవలెను. త్రాడువలె సాగినచో ఇంకను తడియున్నదన్నమాట. అప్పుడు దున్నినచో గడ్డలు కట్టును. పొడిపొడిగ రాలినచో తగిన పదును. ఆ పదును చూచి నాగలితో పైపైన గీతలు వేసి, బాగుగ మ్రగ్గిన లద్దె యెరువును చల్లితిమి.

ఇక గడ్డి. పాలపశువులకు మంచివని పేరొందిన గడ్డి జాతులన్నియు గుఱ్ఱమునకు మంచివి కావు. కొన్నింటిలో ఆక్సలేటు అను పదార్థము ఎక్కువగ నుండి, గుఱ్ఱము ఎముకలకు కావలసిన సున్నమును అందనీయదు, అంజనుగడ్డి అట్టిది. మన గరికకు ఆ దోషము అంతగా లేదు. వినాయకచవితి నాడు చిక్కడపల్లి బజారులో పత్రితో గూడ అమ్ము గరికయే ఇది. వెనుకటి దినములలో అశ్వదళములోని గుఱ్ఱమునకు సాయిసుతో బాటు గడ్డి కోసి తెచ్చువాడొకడు ప్రత్యేకముగ నుండెడివాడు. అతడు పొలముగట్ల వెంట వెదకి తెచ్చినది ముఖ్యముగ గరికయే. దానికి నేలపై ప్రాకు కాండము కలదు. ప్రతి కణుపు దగ్గఱ వేరు దిగును. త్రొక్కినను చావదు, ఎండినను వేరు బ్రదికియుండును. విత్తనమునకై వెదుకనక్కఱలేదు. గట్లమీది గరికను త్రవ్వి, కణుపులతో ముక్కలు చేసి, తొలకరి పదునులో మూరెడు దూరమున కొకటి చొప్పున నాటితిమి. చాచా మనుమడును, వాని స్నేహితులును సెలవు దినములలో వచ్చి రెండు మడులను తామే నాటిరి.

నాటుట కన్న వేచియుండుట కష్టము. పదునైదు దినములలో చిగుళ్ళు కనబడినవి. నెలకు పలుచని పచ్చదనము పఱచుకొనెను. గుఱ్ఱములు త్యాగస్థలములో నిలిచి, కంచె మీదుగ మెడలు చాచి సకిలించుచుండెను. ఇంటిలో ఎండుగడ్డి కొనుటకు డబ్బు కఱవైనది. చాచా కొడుకు, "కండ్ల ముందు పచ్చగడ్డి పెట్టుకొని ఎండుగడ్డి కొంటరా?" అని ద్వారము తీయబోయెను. చాచా అడ్డముగ నిలిచెను. "ఇంకా వేరు దిగలేదురా! పాలు తాగే పిల్లను బండికి కడ్తవా?" అనెను. కొడుకు గొణుగుచు వెనుదిరిగెను. కాని సాయంకాలమునకు ఎక్కడినుండియో ఒక మోపు పచ్చగడ్డి కోసి తెచ్చి తొట్లలో వేసెను.

వయ్యారిభామ మాత్రము వేచియుండలేదు. ఖాళీ నేల కనబడినచోట నెల్ల అది లేచెను. పూత పూయకముందే, చేతులకు గుడ్డలు చుట్టుకొని, వేరుతో బెఱికివేసితిమి. మూడు మారులు బెఱికిన పిమ్మట గరిక దానికి చోటీయలేదు.

ఆ యేడు దసరా దాటిన తరువాత మొదటి మడి ద్వారము తెఱచితిమి. ఒక నియమము పెట్టుకొంటిమి: గడ్డి జానెడు పెరిగినప్పుడు గుఱ్ఱము లోపలికి, బెత్తెడు మిగిలినప్పుడు వెలుపలికి. ఆ మడిని మరల మూసి రెండవదానిని తెఱవవలెను. వాన కురిసిన దినమున ఏ మడియు తెఱవరాదు. లద్దెను ప్రతిదినము ఎత్తి గుంటలో వేయవలెను. తెఱచిన మొదటి దినమున గంటకన్న ఎక్కువ మేయనీయలేదు. ఎండుమేతకు అలవాటుపడిన కడుపునకు పచ్చిమేత ఒక్కమారుగ పెట్టరాదు.

2023వ సంవత్సరము వానలు గడచునప్పటికి రెండు మడులు తివాచీ వలె నిండినవి. మూడవది సగము నిండినది. ద్వారము పక్కనున్న నాలుగవది, ఎక్కువ దెబ్బతిన్నది, ఇంకను మూసియే యుండెను. మూడు గుఱ్ఱముల మడమలు పూర్తిగ మానినవి. ఒక్క లాడమైనను బురదలో పోలేదు. పెద్ద గుఱ్ఱము మాత్రము కుంటుట మానలేదు. అది మరల ఊరేగింపునకు పోలేదు. చాచా దానిని అమ్మను లేదు. నేల కోలుకొనునప్పటికి ఆలస్యమైన జీవులును ఉండును. ఈ నష్టమును విడిచి లాభమునే చెప్పినచో కథ అసత్యమగును.

ఈ చిన్న బీటిని చూచిన పిమ్మట నాకు పెద్ద సంగతి యొకటి స్ఫురించినది. పూర్వము మన పల్లెలలో ఊరుమ్మడి మేతబీళ్ళు ఉండెడివి. తెలంగాణములో వానిని 'కంచ' అందురు. కంచ గచ్చిబౌలి వంటి పేళ్ళలో ఆ మాట నేటికిని నిలిచియున్నది. మంద ఒకచోట మేసి మఱియొకచోటికి పోవును. అది పోయిన పిమ్మట నేల విశ్రమించును. ఆ విశ్రాంతికి ఎవ్వరును వెల కట్టలేదు. అది అందఱి సొత్తు. సైన్యము వారికిని ఈ రహస్యము తెలియును. తెలుగువారు తరతరములుగ నివసించుచున్న హోసూరు దాపున, మత్తిగిరి యందు, 1824లో సైన్యమునకు గుఱ్ఱములను పెంచుటకై క్షేత్రమును నెలకొల్పినపుడు 1600 ఎకరములకు పైబడిన నేలను దానికై ఉంచిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1962లో, పచ్చికబయళ్ళను గూర్చియు పశుగ్రాసమును గూర్చియు పరిశోధించుటకే ఝాన్సీ నగరమున జాతీయ సంస్థ నొకదానిని స్థాపించిరి. గడ్డి తనంతట తానే మొలచునని ఊరకుండరాదని పెద్దలు గుర్తించిరి.

నేడు ఉమ్మడి బీళ్ళు తఱిగినవి. గుఱ్ఱములును తఱిగినవి. 2012వ సంవత్సరపు పశుగణనలో దేశమున గుఱ్ఱములు, తట్టువలు కలిసి సుమారు 6.2 లక్షలుండగా, 2019వ సంవత్సరపు గణనలో సుమారు 3.4 లక్షలే తేలినవి. మిగిలినవాని యజమానులలో పెక్కురు చాచా వంటి పేదలే. ఊరికి బీడున్నపుడు నేలకు విశ్రాంతి ఉచితముగ దొరకినది. బీడు పోయిన పిమ్మట ఆ విశ్రాంతిని పేదవాడు తన బండిని అమ్మి కొనవలసివచ్చినది.

నగరము సంగతియు ఇట్టిదే. 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన హైదరాబాదులో ఒక్కదినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసెను. అశోకనగరు, దోమలగూడ, హిమాయతునగరు వీథులు ఏఱులైనవి. ఇండ్లలోనికి నీరు వచ్చెను. నాలా గట్ల వెంట నీటికని విడిచిన ఖాళీచోటు మిగులలేదు. అచ్చటను గోడలు లేచినవి, ఇండ్లు నిలిచినవి. నీటికి మూల యొకటి విడువని పేటలో నీరు వీథినంతయు పట్టుకొనును. గుఱ్ఱములకు మూల యొకటి విడువని బీటిలో బురద బీటినంతయు పట్టుకొనును. కొంచెము విడుచుట నేర్చినవానికి ఎక్కువ మిగులును.

బాలులారా! మీ బడి ఆటస్థలమును వానకాలమున ఒకమారు పరిశీలించుడు. ద్వారము దగ్గఱ, కుళాయి దగ్గఱ, మీరందఱు అడ్డముగ నడచు దారిలో గడ్డి యుండదు, నీరు నిలిచియుండును. అచ్చట త్రొక్కినవి గుఱ్ఱపు డెక్కలు కావు, మన పాదములే. మీ ఉపాధ్యాయుల అనుమతితో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల చోటునకు నాలుగు గుంజలు పాతి, త్రాడు కట్టి, ఒక్క వానకాలము దానిలో ఎవ్వరును అడుగు పెట్టకుండ చూడుడు. వేఱే యేమియు చేయవలదు. త్రాడునకు ఇవతలి నేలను, అవతలి నేలను దీపావళి నాటికి సరిపోల్చి చూడుడు.